ఏఐ ముందే చెప్పేస్తుంటే, నిర్ణయం మనదేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు బీమా క్లెయిములు పరిశీలించే పనిలో ఉన్నారు. కొన్నాళ్లుగా ప్రతి ఫైలు మీదా ఏఐ ముందే "ఆమోదించవచ్చు" అనో "అనుమానాస్పదం" అనో రాసి పెడుతోంది. చివరి నిర్ణయం మీదేనని పైవాళ్లు అంటున్నారు గానీ, దాని మాట కాదన్న సందర్భం ఈమధ్య ఒక్కటీ మీకు గుర్తు రావడం లేదు. ఇంటికి వచ్చాక సొంత విషయాలకూ చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. ఆలోచించే అలవాటు పోకుండా ఉండాలంటే ఇదంతా మానేయాలా అని మీ సందేహం.

మానేయక్కర్లేదు. అది ఏం చెప్పిందో చూడకముందే మీ అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలోనైనా రాసి పెట్టుకోండి. నేను చెప్పబోయే వాటిలో మీరు ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి. చాలామంది తమ స్వేచ్ఛ చివర్లో ఉందనుకుంటారు, అంటే ఓకే నొక్కాలా వద్దా అనే దగ్గర. నేను చూసినంతవరకు అక్కడికి వచ్చేసరికే పని అయిపోయి ఉంటుంది. ప్రశ్న ఎలా వేశారు, ఏ కాగితం ముందు చూశారు, ఏది ముఖ్యమని అనుకున్నారు అన్న దగ్గరే నిర్ణయం మీదో కాదో తేలిపోతుంది.

నా సంగతి కొంచెం చెబుతాను. నేను మొదట్లో అప్పుల దరఖాస్తులు పరిశీలించేదాన్ని. తర్వాత, కంప్యూటరు లెక్కగట్టి ఇచ్చే స్కోరు చూసి మనుషులు నిర్ణయాలు తీసుకునే విభాగాల్లో పని పద్ధతి తయారుచేయడం, ఆ నిర్ణయాలను ఆడిట్ చేయడం నా వృత్తి అయింది. కాబట్టి ఇందులో సిద్ధాంతం తక్కువ, ఫైళ్ల దగ్గర చూసింది ఎక్కువ.

ముందు మీకు కొంచెం ఊరట. మీకు జరుగుతున్నది బద్ధకం వల్ల కాదు. 2023లో 'రేడియాలజీ' పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. 27 మంది రేడియాలజిస్టులకు (ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి చెప్పే డాక్టర్లకు) 50 మామోగ్రామ్‌లు, అంటే రొమ్ము ఎక్స్‌రేలు ఇచ్చి, ప్రతిదానికీ క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే గ్రేడు ఏఐ ఇచ్చింది ఇదీ అని పక్కనే చూపించారు. కొన్నింటికి కావాలనే తప్పు గ్రేడు పెట్టారు. సూచన సరైనదైనప్పుడు, అనుభవం తక్కువున్న డాక్టర్లు దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పారు. సూచన తప్పైనప్పుడు అది 20 శాతం లోపుకి పడిపోయింది. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా 82 శాతం నుంచి 45 శాతం దగ్గరికి జారిపోయారు. ఫిల్ము కళ్ల ముందే ఉంది, చదువు ఉంది, ఏళ్ల అనుభవం ఉంది. అయినా పక్కన కనిపించిన అంకె చూపును లాగేసింది. అనుభవం కాపాడుతుంది, కానీ సగం మేరకే.

ఇది ఎలా జరుగుతుందో ఫైలు దగ్గర కూర్చుని చూస్తే బాగా తెలుస్తుంది. నేను ఆడిట్ చేసిన ఒక చోట స్క్రీన్ పైభాగంలో స్కోరు పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో వచ్చేది. దాని కింద "ఆదాయం నిలకడగా లేదు" అని ఒక లైను. ఒక దరఖాస్తులో ఏడాది మధ్యలో ఐదు నెలలు జీతం పడలేదు. పరిశీలించినాయన ఆ ఎర్ర అంకె చూసి, కింది లైను చదివి, బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, ఖాళీగా ఉన్న ఐదు నెలలూ వెతికి పట్టుకుని, "నిలకడ లేని ఆదాయం, తిరస్కరణ" అని రాశారు. ఆయన పని ఎగ్గొట్టలేదు. స్టేట్‌మెంట్ నిజంగానే చూశారు. కాకపోతే వెతికింది స్కోరుకు సాక్ష్యం మాత్రమే. అదే ఫైలును స్కోరు కనిపించకుండా ఇంకొకరికి ఇచ్చాం. ఆవిడ మొదటి కాగితం నుంచి వరసగా చదువుకుంటూ వెళ్లారు. చివర్లో జతచేసిన ఉత్తరం దగ్గర ఆగారు. అది యజమాని ఇచ్చిన ప్రసూతి సెలవు ధ్రువపత్రం. ఆరో నెల నుంచి అదే జీతం మళ్లీ పడుతోంది. ఆ ఉత్తరం మొదటాయన ఫైల్లోనూ ఉంది. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు, అంతే.

అందుకే ముందు రాసుకోమంటున్నాను. మనసులో అనుకుంటే సరిపోదా అని అడుగుతారు చాలామంది. సరిపోదు. స్కోరు చూసిన మరుక్షణం "నేనూ అదే అనుకున్నాను" అనిపిస్తుంది, నిజాయితీగానే అనిపిస్తుంది. కాగితం మీద ఉంటే అలా మాట మార్చుకోవడం కుదరదు. పెద్ద నోటు అక్కర్లేదు. "చెల్లించవచ్చు, ఆస్పత్రి తేదీకీ బిల్లు తేదీకీ తేడా ఉంది, అడగాలి" అన్నా చాలు. తర్వాత ఏఐ సూచన తెరవండి. రెండూ కలిస్తే ముందుకెళ్లండి. కలవకపోతే ఆ ఫైలు మీదే మీ సమయమంతా పెట్టండి. నిజానికి ఏఐ వల్ల దక్కే అసలు లాభం ఇక్కడే ఉంది: మీరు ఆగి చూడాల్సిన ఫైళ్లు ఏవో అది పట్టిస్తుంది.

ఈ పద్ధతి పెట్టిన ప్రతిచోటా మొదట గొణుగుడే. పని ఆలస్యమవుతోందని, నమ్మకం లేనట్టు చూస్తున్నారని. ఇది కొత్తేమీ కాదు. 2021లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు ఇలాంటి పద్ధతులనే పరీక్షించారు: ముందు మీరు జవాబు చెప్పాకే ఏఐ జవాబు చూపించడం, లేదా అడిగితేనే చూపించడం వంటివి. గుడ్డిగా నమ్మడం తగ్గింది. అయితే ఏ పద్ధతి బాగా పనిచేసిందో జనానికి అదే తక్కువ నచ్చింది. ఆ ప్రయోగంలో ఇంకో సంగతి కూడా బయటపడింది. ఏఐ తన కారణాలను పక్కనే వివరిస్తే మనుషులు జాగ్రత్త పడతారని అందరూ అనుకుంటారు కదా, ఆ వివరణ ఒక్కటే ఇస్తే, ఈ ముందు-ఆలోచించమనే పద్ధతులు తగ్గించినంతగా గుడ్డి నమ్మకం తగ్గలేదు. నా అనుభవమూ అదే. పొందిగ్గా రాసిన మూడు కారణాలు కింద ఉంటే, తప్పు జవాబు కూడా చదువుకున్నవాడి మాటలా ఉంటుంది. కాబట్టి మీ సంస్థ వాళ్లు "ఇప్పుడు మా సిస్టమ్ కారణాలు కూడా చెబుతుంది, ఇక టెన్షన్ లేదు" అంటే, ఒక్క క్షణం ఆగండి.

ఇక "చివరి నిర్ణయం మీదే" అన్న మాట గురించి. దీన్ని నేను చాలా చోట్ల విన్నాను. అది నిజమో కాదో తెలుసుకోవడానికి పాలసీ కాగితం చదవక్కర్లేదు, స్క్రీన్ చూస్తే చాలు. ఒప్పుకోవడానికి ఎన్ని క్లిక్కులు? కాదనడానికి ఎన్ని? నేను చూసిన ఒక సిస్టమ్‌లో ఒప్పుకుంటే ఒక బటన్. కాదంటే కారణాల జాబితాలోంచి ఎంచుకోవాలి, పేరా రాయాలి, సూపర్‌వైజర్ ఆమోదం కోసం ఆగాలి, ఆ లోపు ఆ ఫైలు మీ పేరు మీద "పెండింగ్" అని కనిపిస్తూ ఉంటుంది. సాయంత్రానికి ఇన్ని ఫైళ్లు పూర్తిచేయాలన్న లెక్క ఒకటి నెత్తిమీద ఉంటే, ఏ మనిషైనా ఏం చేస్తాడు? గంగిరెద్దులా తలూపుతాడు. అక్కడ కూర్చున్న మనిషిది తప్పు కాదు, అలా కూర్చోబెట్టినవాళ్లది.

కాదనడానికి సమయం ఉండాలి, సిస్టమ్ దగ్గర లేని సమాచారం అందే దారి ఉండాలి, కాదన్నందుకు శిక్ష ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా చివరి నిర్ణయం మీదన్నది మాట వరసకే.

న్యాయస్థానాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. యూరప్ సమాచార రక్షణ చట్టంలో 22వ అధికరణ ప్రకారం, ఒక మనిషి మీద పెద్ద ప్రభావం చూపే నిర్ణయం పూర్తిగా యంత్రమే తీసుకోకుండా ఉండే హక్కు ఆ మనిషికి ఉంది. జర్మనీలో షూఫా అనే సంస్థ రుణ స్కోర్లు ఇస్తుంది. మేం స్కోరు మాత్రమే ఇస్తాం, నిర్ణయం బ్యాంకుదే అన్నది వాళ్ల వాదన. 2023 డిసెంబరు 7న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు. అవతలివాళ్లు ఆ స్కోరు మీదే గట్టిగా ఆధారపడుతుంటే, స్కోరు లెక్కగట్టడమే నిర్ణయం కిందికి వస్తుందని చెప్పింది. మీ కుర్చీకి దీన్ని అన్వయించుకుని చూడండి. మీరు ఎప్పుడూ కాదనకపోతే, నిర్ణయం మీ దగ్గరికి రాకముందే జరిగిపోయినట్టు. 2024లో వచ్చిన యూరప్ ఏఐ చట్టం 14వ అధికరణ కూడా, ముప్పు ఎక్కువని గుర్తించిన ఏఐల విషయంలో, పర్యవేక్షించే మనిషికి యంత్రం మాటను అతిగా నమ్మే ధోరణి గురించి తెలిసి ఉండాలనీ, అవసరమైతే ఆ మాటను పక్కన పెట్టే వీలుండాలనీ అడుగుతుంది. మీ దేశంలో చట్టం వేరుగా ఉండొచ్చు. ఆ ఆలోచన మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, మీ మంచి కోసమే. అధికారం లేకుండా సంతకం మాత్రం మీదైతే, ఏదైనా బెడిసికొట్టినప్పుడు మెడకు చుట్టుకునేది మీకే. మేడలిన్ క్లేర్ ఎలిష్ అనే పరిశోధకురాలు ఈ స్థితి గురించి రాశారు: కారు ముందుభాగం నలిగిపోయి లోపలివాళ్లను కాపాడినట్టు, ఇక్కడ మనిషి నలిగిపోయి సిస్టమ్ పరువు కాపాడతాడని. ఆడిట్లలో "మా దగ్గర మనిషి చూస్తాడండీ" అన్న మాట వినగానే నేను ఆ మనిషిని విడిగా కలవాలని అడిగేది అందుకే.

మరో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఈ సమాధానం ఒంటిచేతి చప్పట్లే. యంత్రాన్ని కాదనడమే స్వతంత్రం అనుకోకండి. 1954లోనే పాల్ మీల్ అనే మనస్తత్వవేత్త, ఒకే సమాచారం ఇచ్చినప్పుడు నిపుణుల అంచనా కంటే మామూలు గణాంక సూత్రం చాలా సందర్భాల్లో సమానంగానో మెరుగ్గానో ఉంటుందని చూపించాడు. నిపుణులకు అది మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు. సిబ్బంది సిస్టమ్ మాట కాదన్న ఫైళ్లను తర్వాత తిరిగి చూసే అలవాటు నేను పెట్టించాను. అందులో కనిపించిన తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. సిస్టమ్‌కు తెలియని విషయం ఏదో దొరికి కాదన్నవాళ్లు, అంటే ఫోన్ చేసి మాట్లాడినవాళ్లు, జతచేసిన ఉత్తరం చదివినవాళ్లు, ఎక్కువగా సరైనవాళ్లే అవుతారు. సిస్టమ్ చూసిన ఆ కాలమ్‌లనే చూసి "నాకెందుకో తేడాగా అనిపిస్తోంది" అని కాదన్నవాళ్లు ఎక్కువగా తప్పుతారు. పైగా ఆ "తేడాగా అనిపించడం"లో దరఖాస్తుదారు ఇంటిపేరో, మాట తీరో, వయసో దాక్కుని ఉండొచ్చు. కాబట్టి మీరు కాదనేటప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే: దానికి తెలియనిది నాకేం తెలుసు? జవాబు ఉంటే రాయండి, నిలబడండి. లేకపోతే దాని మాట వినడం కూడా మీ నిర్ణయమే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన ఇంకో సంగతి, మీ ముందుకు రాని ఫైళ్లు. "అనుమానాస్పదం" అన్నవి మాత్రమే మీ దగ్గరికి వచ్చి, మిగతావి వాటంతట అవే వెళ్లిపోతుంటే, మీ స్వేచ్ఛ అంతా ఆ వడపోత లోపలే. ఉద్యోగాల దరఖాస్తుల్లో ఇది మరీ ఎక్కువ. వందల రెజ్యూమేలు వస్తాయి, సిస్టమ్ ఇరవై చూపిస్తుంది, ఆ ఇరవైలో ఐదుగురిని ఎంచుకున్నవాళ్లు "మనుషులమే ఎంచుకున్నాం" అనుకుంటారు. మందు ఒకటే: తీసేసినవాటిలోంచి అప్పుడప్పుడూ కొన్ని ఫైళ్లను లాటరీ తీసినట్టు తీసి, మిగతావాటితో కలిపి, ఏది ఎక్కడిదో చెప్పకుండా చదివించడం. దీన్ని మొదలుపెట్టమని అడిగితే ఏ మేనేజరూ ఉత్సాహపడడు. ఒక్కసారి చేసి చూపిస్తే మాత్రం తర్వాత వాళ్లే అడుగుతారు.

నైపుణ్యం సంగతికి వస్తే మీ భయం నిజమే. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వవేత్త 1983లోనే దీన్ని రాసి పెట్టారు. యంత్రానికి తేలిక పనులన్నీ అప్పగిస్తాం, అది చేతులెత్తేసిన కష్టమైన ఘడియలో మనిషి అందుకోవాలంటాం. కానీ రోజూ చేయని పని ఆ ఘడియలో ఎలా వస్తుంది? 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలకు మంచు పట్టింది, అంకెలు పొంతన లేకుండా పోయాయి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం గాలిలో పట్టు కోల్పోయి పడిపోతోందని సిబ్బంది గుర్తించలేకపోయారు. 228 మందీ చనిపోయారు. చేత్తో విమానం నడిపే సాధన, ముఖ్యంగా అంత ఎత్తులో, ఎంత అవసరమో ఆ దర్యాప్తు తర్వాత గట్టిగా చర్చకు వచ్చింది.

ఇంత పెద్ద ప్రమాదం దాకా పోనక్కర్లేదు. 2025లో పోలండ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. పెద్దపేగు పరీక్షలో క్యాన్సర్‌గా మారగల గడ్డలను పట్టుకోవడానికి అక్కడి నాలుగు కేంద్రాల్లో డాక్టర్లకు ఏఐ ఇచ్చారు. ఏఐ రాకముందు వాళ్లు సొంతంగా చేసిన పరీక్షల్లో 28.4 శాతం మందిలో గడ్డలు కనిపెట్టేవారు. ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఆ సంఖ్య 22.4 శాతానికి తగ్గింది. ఇది ప్రయోగం కాదు, జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసిన పరిశీలన, కాబట్టి వేరే కారణాలూ కలిసి ఉండొచ్చు. అయినా, నెలల వ్యవధిలోనే ఇంత తేడా కనిపించిందంటే తేలిగ్గా తీసుకోలేం.

దీనికి నేను చెప్పేది చాలా సాదా పద్ధతి. వారంలో కొన్ని ఫైళ్లు ఏఐ లేకుండా పూర్తిగా మీరే చేయండి. తేలికవి ఎంచుకోకండి, వరసలో ఏది వస్తే అది. తర్వాత దాని సూచనతో పోల్చి చూసుకోండి. మొదటి రెండు మూడు సార్లు విసుగు పుడుతుంది, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని వేళ్ల మీద లెక్క పెట్టినట్టు. అందరికీ అన్ని పనుల్లోనూ ఇది అవసరమని అనను. ఏ నైపుణ్యం పోయినా పర్వాలేదో అది పోనివ్వండి. క్లెయిములో మోసం ఎలా ఉంటుందో, నిజమైన కష్టం ఎలా ఉంటుందో కాగితాల్లోంచి పట్టుకోవడం మాత్రం మీ వృత్తికి ప్రాణం. దాన్ని పోగొట్టుకుంటే యంత్రాన్ని సరిదిద్దేవాళ్లు ఎవరూ మిగలరు.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండో సగం, ఇంటి దగ్గరి సంగతి. ఇక్కడ పద్ధతి కొంచెం మారుతుంది. ఎందుకంటే ఆఫీసు సిస్టమ్ మీకు నచ్చాలని చూడదు, చాట్‌బాట్ చూస్తుంది. చాట్‌బాట్‌ల వెనక ఉండే భాషా మోడళ్లకు అడిగినవాళ్ల మాటకు వంతపాడే గుణం ఉంది. వాటిని తయారుచేసే సంస్థలే ఒప్పుకున్న విషయం ఇది. మీరే పరీక్షించుకోవచ్చు. ఒక కొత్త సంభాషణ తెరిచి, "ఈ ఉద్యోగం మానేసి వేరేది చూసుకుందామనుకుంటున్నాను, ఇక్కడ ఎదుగుదల లేదు, సరైన పనేనా?" అని అడగండి. ఇంకో సంభాషణ తెరిచి అవే వివరాలతో, "మానేద్దామన్న ఆలోచన వస్తోంది గానీ, స్థిరత్వం ముఖ్యమని ఉండిపోదామనుకుంటున్నాను, సరైన పనేనా?" అని అడగండి. నాతో పనిచేసే ఒకామె నా ముందే చేసి చూసింది. మొదటిదాంట్లో ధైర్యాన్ని మెచ్చుకుంది. రెండోదాంట్లో వివేకాన్ని మెచ్చుకుంది. ఆమె కాసేపు ఫోన్ వైపు చూసి, "అయితే నేను అడిగింది నన్నేనా!" అంది.

మనుషులు ఇలా పడిపోవడం ఇవాళ్టిది కాదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మీరన్న మాటనే తిప్పి ప్రశ్నగా వేయడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అయినా జనం దానితో మనసు విప్పి మాట్లాడటం చూసి అతనే కంగారుపడ్డాడు, మిగతా జీవితమంతా యంత్రాలకు ఏవి అప్పగించకూడదో చెబుతూ గడిపాడు. ఇప్పటివి దానికంటే ఎంతో తెలివైనవి, ఎంతో ఉపయోగమైనవి కూడా. వాటికి బోలెడు తెలుసు. కానీ మీకు ఏది ముఖ్యమో మీరు చెబితే తప్ప తెలియదు. మీరు చెప్పకపోతే అందరికీ ముఖ్యమైనదేదో అదే మీకూ ముఖ్యమనుకుని జవాబిస్తుంది. నలుగురు అడిగితే నలుగురికీ ఒకే రకం జీవితం సలహా ఇస్తుంది.

కాబట్టి "నేనేం చేయాలి?" అని అడగడం తగ్గించండి. "నేను ఇలా చేద్దామనుకుంటున్నాను, కారణాలు ఇవి, ఇందులో నేను చూడనిది ఏముంది? దీనికి వ్యతిరేకంగా గట్టి వాదన ఏది?" అని అడగండి. రెండో రకం ప్రశ్నకు అవి చాలా బాగా పనికొస్తాయి. ఒక స్నేహితురాలు చెప్పలేని కటువైన మాట కూడా చెబుతాయి, అడిగితే. పేర్లు, తేదీలు, చట్టాలు చెప్పినప్పుడు మాత్రం విడిగా సరిచూసుకోండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. అలాంటి తీర్పులే లేవని తేలి జరిమానా కట్టారు. అందులో ఒకాయన ఆ తీర్పులు నిజమైనవేనా అని కూడా మళ్లీ చాట్‌జీపీటీనే అడిగాడు. అవునంది.

ప్రతి చిన్నదానికీ ఇంత తతంగం అక్కర్లేదు, అది కూడా చెప్పాలి. ఏ దారిలో వెళ్లాలి, ఈమెయిల్ ఎలా రాయాలి, ఏ ఫోన్ కొనాలి, ఇవన్నీ హాయిగా దానికి వదిలేయండి. వదిలేయాలని మీరే అనుకుని వదిలేస్తే మీ స్వేచ్ఛకు వచ్చిన నష్టమేమీ లేదు. నేను గీత గీసుకునేది రెండు చోట్ల: వెనక్కి తీసుకోలేని నిర్ణయం, ఇంకొకరి బతుకు మీద పడే నిర్ణయం.

మీ ఉద్యోగం ఆ రెండో కోవలోకి వస్తుంది. మీ స్వతంత్రం గురించి అడిగారు సరే, అవతల క్లెయిము పెట్టుకున్న మనిషికీ ఒక స్వతంత్రం ఉంది: తనను ఎందుకు కాదన్నారో తెలుసుకోవడం, అది తప్పని చూపించగలగడం. ఇది తప్పినచోట ఏం జరుగుతుందో ఆస్ట్రేలియా చూసింది. రోబోడెట్ అని పేరుపడిన ఆ పథకంలో, ఏడాది ఆదాయాన్ని పక్షానికింత అని సగటు కట్టి, ప్రభుత్వ సాయం ఎక్కువ తీసుకున్నారంటూ లక్షలమందికి బాకీ నోటీసులు పంపారు. సీజన్ పనులు చేసేవాళ్ల ఆదాయం పక్షం పక్షానికీ మారుతుందన్న ఇంగితం ఆ లెక్కలో లేదు. బాకీ లేదని నిరూపించుకోవాల్సిన భారం జనం మీదే పడింది. 2023లో రాయల్ కమిషన్ (అక్కడి ఉన్నత విచారణ సంఘం) నివేదిక దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. గమనించండి, అక్కడ గొప్ప ఏఐ ఏమీ లేదు, ఉన్నది భాగహారం. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేశారు. రిస్కు లెక్కలో జాతీయతను కూడా కలిపారు. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

అందుకని తిరస్కరణ రాసేటప్పుడు "సిస్టమ్ అలా చూపించింది" అన్నది కారణంగా ఎప్పుడూ రాయకండి. మనసులో కూడా అనుకోకండి. ఏ కాగితంలో ఏ విషయం వల్ల కాదంటున్నారో, అవతలి మనిషి చదివి "అది కాదండీ, ఇదిగో రుజువు" అనగలిగేలా రాయండి. అలా రాయలేకపోతే మీకు ఆ నిర్ణయం అర్థం కాలేదన్నమాట. అర్థం కానిదాని మీద సంతకం పెట్టకుండా పైకి పంపడం మీ హక్కు. చాలా సంస్థల్లో అది కాగితం మీద ఉంటుంది, ఎవరూ వాడరు.

ఇక పైవాళ్లను ఏం అడగాలి? ఏఐ వద్దు అని మొదలుపెడితే వినరు, మీరు మార్పును అడ్డుకుంటున్నారనుకుంటారు. మూడు చిన్న విషయాలు అడగండి. స్కోరు మొదట దాచి, మీ అభిప్రాయం నమోదయ్యాక చూపించే వీలుందా? చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది చిన్న మార్పు. కాదనడానికి పట్టే శ్రమా, ఒప్పుకోవడానికి పట్టే శ్రమా సమానం చేయగలరా? ఒప్పుకున్నప్పుడు కూడా ఒక లైను కారణం రాయమంటే చాలు, తూకం దానంతటదే సరిపోతుంది. మూడోది, ఎంతమంది ఎంత తరచుగా కాదంటున్నారో, అందులో ఎన్ని సరైనవని తేలాయో విభాగం మొత్తానికి లెక్క చూపించగలరా? మనిషి మనిషికీ విడివిడిగా మాత్రం వద్దని చెప్పండి, అలా చేస్తే అది మార్కుల పోటీ అయిపోతుంది. కాదన్న సంఖ్య నెలల తరబడి సున్నా దగ్గరే ఉంటే, సిస్టమ్ అంత గొప్పదనుకోవడం కంటే ఎవరూ చూడటం లేదనుకోవడమే మేలు, నేనైతే అక్కడి నుంచే ఆడిట్ మొదలుపెడతాను.

ఇవేవీ కుదరదన్నా మొదట చెప్పింది ఎవరి అనుమతీ లేకుండా చేసుకోవచ్చు. స్కోరు వచ్చే మూల మీద ఒక కాగితం ముక్క అంటించుకుని పనిచేసినవాళ్లు నాకు తెలుసు. స్క్రీన్ కాస్త వికారంగా కనిపిస్తుంది గానీ పని జరుగుతుంది.